ఊరు ‘వద్దు’ అన్నాక ఏం జరుగుతుంది?

కొండమల్లి
పర్యావరణ అనుమతుల గురించి చదువుతుంటే ఒకటి అంతుబట్టడం లేదు. పెద్ద ప్రాజెక్టు ఏది రావాలన్నా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. జరుపుతూనే ఉన్నారు. వందలమంది లేచి వద్దంటారు, పేపర్లలో ఫొటోలు వస్తాయి, ఆ తర్వాత కొన్నాళ్లకి అనుమతీ వచ్చేస్తుంది. మరి ఆ ‘వద్దు’ ఏ లెక్కలో వేశారు?

ఇంకోవైపు ఆగిపోయినవీ ఉన్నాయి. ఒడిశాలో నియమగిరి గని ఆగింది. శ్రీకాకుళంలో సోంపేట విద్యుత్ కేంద్రం ఆగింది. అక్కడ పనిచేసింది చట్టమా, కోర్టా, జనం రోడ్డెక్కడమా, లేక మార్కెట్లో ధర పడిపోయి కంపెనీకే ఆసక్తి తగ్గడమా? ‘అభివృద్ధి నిరోధకులు’, ‘కార్పొరేట్ ఏజెంట్లు’ అని తిట్టుకోవడం ఎలాగూ వేరే చర్చా దారాల్లో నడుస్తోంది కాబట్టి, ఇక్కడ తెలిసిన విషయాలు చెప్పండి.

మూడో_కాపీ
మొదటి ప్రశ్నకి నేను చెప్పగలను. కొన్నేళ్లు పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు (అందరూ ఈఐఏ అంటారు) తయారుచేసే సంస్థలో పనిచేశాను. సంస్థ పేరు అడగొద్దు.

ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగ్ కాదండీ. 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్‌లో ఎక్కడా ‘ఇంతమంది వద్దంటే ప్రాజెక్టు ఆపాలి’ అని లేదు. కోరం కూడా లేదు, పదిమందే వచ్చినా సభ మొదలుపెట్టొచ్చు. కలెక్టరు గానీ అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు, కాలుష్య నియంత్రణ మండలి నిర్వహిస్తుంది. మాట్లాడిందంతా వీడియో తీస్తారు. చివర్లో అభ్యంతరాల సారాంశం స్థానిక భాషలో చదివి వినిపించాలి. అది ఢిల్లీకో, రాష్ట్ర స్థాయి సంస్థకో వెళుతుంది. అక్కడి నిపుణుల కమిటీ ముందు కంపెనీ ఒక పట్టిక పెడుతుంది: ఎడమవైపు ‘అభ్యంతరం’, కుడివైపు ‘జవాబు’. ‘మా చెరువు పాడవుతుంది’ అని ఎడమవైపు ఉంటే ‘ప్రాజెక్టు జీరో డిశ్చార్జ్ పద్ధతిలో నడుస్తుంది’ (అంటే మురుగునీరు చుక్క కూడా బయటికి వదలరట) అని కుడివైపు. అంతటితో ఆ అభ్యంతరం పరిష్కారమైనట్టే. మీ ‘వద్దు’ చేరేది ఆ పట్టికలోకి. నేను అలాంటి పట్టికలు నింపాను కాబట్టే చెబుతున్నా.

ఇక నివేదిక సంగతి. దాన్ని రాయించేదీ, డబ్బు ఇచ్చేదీ ప్రాజెక్టు పెట్టే కంపెనీయే. గాలి, నీరు, నేల కొలతలు ఒక్క సీజన్‌వి చాలు, అదీ వర్షాకాలం కాకుండా. చాలామందికి ఇది పెద్ద విషయంగా తోచదు. కానీ ఒక చిత్తడి నేలని మార్చి నుంచి మే దాకా కొలిస్తే ఏం కనిపిస్తుంది? బీటలు వారిన ఖాళీ స్థలం. పక్షుల్లేవు, చేపల్లేవు, సాగు లేదు. నివేదికలో అబద్ధం ఒక్కటీ ఉండదు. చూసిన నెలలే వేరు.

అబద్ధాలున్నవీ లేకపోలేదు. మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని కోసం ఇచ్చిన నివేదికలో రష్యాలోని బాక్సైట్ గని సమాచారం యథాతథంగా దొరికింది. రత్నగిరిలో పెరగని చెట్ల పేర్లతో సహా.

పచ్చిమిరప
అంటే పరీక్ష రాసే పిల్లాడే పేపరు దిద్దే మాస్టారికి జీతం ఇస్తున్నాడు. బాగుంది.

బాయిలర్_సూట్
మూడో_కాపీ గారు చెప్పింది నిజమే, కాదనను. కానీ ఈ చర్చ ఎప్పుడూ ఒకవైపే వంగుతుంది కాబట్టి రెండోవైపు నేను తీసుకుంటా. ప్రాసెస్ ఇంజనీరుని, మెటలర్జీ ప్లాంట్లలోనే నా ఉద్యోగ జీవితమంతా.

తమిళనాడులోని తూత్తుకుడి స్టెరిలైట్ రాగి ఫ్యాక్టరీ చూడండి. దేశంలో శుద్ధిచేసిన రాగిలో దాదాపు 40 శాతం ఆ ఒక్క చోటే తయారయ్యేది. ఏడాదికి 4 లక్షల టన్నుల సామర్థ్యం. 2018 మేలో మూతపడింది. అప్పటిదాకా రాగి ఎగుమతి చేసిన దేశం 2018–19కల్లా నికర దిగుమతిదారుగా మారింది. మనం రాగి వాడటం మానేశామా? లేదు. ఫ్యాన్లు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, సోలార్ ప్యానెళ్లు, అన్నిట్లోనూ అదే. ఇప్పుడా పొగ ఇంకో దేశంలో ఇంకో ఊరి మీదికి పోతోంది. మనకి కనపడదు, అంతే. ‘మా ఊళ్లో వద్దు’ అంటే ‘వేరే ఊళ్లో ఫరవాలేదు’ అనే అర్థం కూడా వస్తుంది కదా?

ఆ ఫ్యాక్టరీ మీద బతికిన లారీవాళ్లు, చిన్న వర్క్‌షాపులవాళ్లు, క్యాంటీన్లవాళ్లు కూడా జనమే. వాళ్ల ‘కావాలి’కి లెక్కెక్కడ అని నేనూ అడగొచ్చు.

తుమ్మచెట్టు
అన్నా, రాగి లెక్క చెప్పినవ్ గని అసలు లెక్క చెప్పకపోతివి. 2018 మే 22, 23 తారీకులల్ల తూత్తుకుడిల పోలీసు కాల్పులల్ల 13 మంది సచ్చిన్రు. ఫ్యాక్టరీ మూతవడ్డది మే 28 నాడు. అంతకుముందు ఇరవై ఏండ్ల సంది అక్కడి జనం గ్యాసు లీకులని, నీళ్లు ఖరాబైనయని మొత్తుకుంటనే ఉన్నరు. 2013ల సుప్రీంకోర్టే కాలుష్యం జేసినందుకు 100 కోట్లు కట్టుమన్నది, గని నడుపుకొమ్మన్నది. మరి ఇరవై ఏండ్లు దరఖాస్తులు పెడితె మూతవడలే, ఆరు రోజులల్ల మూతవడ్డది. నడుమ ఏం జరిగింది? పీనుగులు లేసినయ్. అనుమతులు గింత సక్కగ ఉంటె గా దాక ఎందుకు వోయింది?

లారీలోల్ల బతుకు గురించి అన్నవు, అది కరెక్టే. నేను కాదనను. గని వాళ్ల బతుకు గా కంపెనీ మీద ఆధారపడేటట్టు చేసినంక వాళ్లను ముంగట పెట్టి మాట్లాడుడు కంపెనీలకు అలవాటు.

దస్తావేజు
కొండమల్లి గారి రెండో ప్రశ్నకి వస్తాను. చట్టం దృష్టిలో ‘సంప్రదింపు’ వేరు, ‘సమ్మతి’ వేరు. మూడో_కాపీ గారు చెప్పినది సంప్రదింపు: వినాలి, ఒప్పుకోనక్కర్లేదు. నియమగిరిలో జరిగింది సమ్మతి అడగడం. తేడా అంతా అక్కడే ఉంది.

ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాల్లో నియమగిరి కొండలు. వాటి మీద డోంగ్రియా కోంధులు అనే గిరిజనులు ఉంటారు, తమ దేవుడు నియమ రాజా ఆ కొండ మీద ఉంటాడని వాళ్ల నమ్మకం. కొండ నెత్తిన బాక్సైట్, కింద లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ వారి అల్యూమినా రిఫైనరీ. గని అనుమతి రాకముందే రిఫైనరీ కట్టేశారు, ఇది గుర్తుపెట్టుకోండి. ఎన్.సి. సక్సేనా కమిటీ నివేదిక తర్వాత 2010 ఆగస్టులో కేంద్ర పర్యావరణ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు, 2006 అటవీ హక్కుల చట్టం ఆధారంగా, ఆ కొండ మీద తమ మతపరమైన, సాంస్కృతికమైన హక్కులేమిటో గ్రామసభలే తేల్చాలంది. వందకు పైగా ఊళ్లుంటే రాష్ట్ర ప్రభుత్వం 12 ఊళ్లనే ఎంచింది. జిల్లా జడ్జి సమక్షంలో జులై, ఆగస్టు నెలల్లో 12 సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ప్రాజెక్టుని తిరస్కరించింది.

ఇదంతా ఐదో షెడ్యూలు ప్రాంతం (రాజ్యాంగం గిరిజనులకి ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం), గిరిజన గ్రామాలు, అటవీ భూమి కావడం వల్ల సాధ్యమైంది. మన దగ్గర దీనికి ముందే 1997 జులైలో సమత తీర్పు వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద ‘సమత’ అనే సంస్థ వేసిన కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా, అటవీ భూమినైనా గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖ మన్యం బాక్సైట్ ఇన్నేళ్లు కొండల్లోనే ఉండిపోవడానికి ఆ తీర్పూ ఒక పెద్ద కారణం.

కొండమల్లి
దస్తావేజు గారూ, మంచి వివరం. మరి షెడ్యూల్డ్ ప్రాంతం కానిచోట? మైదానంలో రైతులు, మత్స్యకారులు ఉంటే వాళ్ల చేతిలో ఏముంది?

దస్తావేజు
నిజం చెప్పాలంటే తక్కువే. 2013 భూసేకరణ చట్టంలో ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలని పెట్టారు. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు సొంత సవరణలతో మినహాయింపులు తెచ్చుకున్నాయి. పైగా అది భూమి సొంతదారుల సమ్మతి. చెరువు శిఖంలో గేదెలు మేపుకునేవాడికి, కాలువలో వల వేసుకునేవాడికి పట్టా ఏది?

బీలగట్టు
సోంపేట కథ సరిగ్గా ఇదే, అందుకే ఆగలేక రాస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల అని పెద్ద చిత్తడి నేల ఉంది. వానాకాలంలో నీళ్లు నిలిచి, తర్వాత నెమ్మదిగా చుట్టూ పొలాలకి అందుతాయి. చేపలు, తుంగ, పశువుల మేత, ఎత్తిపోతల నీళ్లు అన్నీ దాని మీదే. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. అక్కడ నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం తలపెట్టింది. జనం సభలో వద్దన్నారు, అర్జీలు పెట్టారు, రిలే దీక్షలకి కూర్చున్నారు. ఆ దీక్షలు ఏళ్ల తరబడి నడిచాయి. 2010 జులై 14న పనులు మొదలుపెట్టడానికి కంపెనీ వాళ్లు పోలీసులతో కలిసి వచ్చారు. కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు.

ఇప్పుడు వినండి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అదే రోజు! ఆ చిత్తడి నేల గురించి జనం మొదట్నుంచీ మొత్తుకున్నది చివరికి కాగితం మీదికి వచ్చిన రోజునే ఇక్కడ తుపాకీ పేలింది.

అక్కడికి దగ్గర్లోనే కాకరాపల్లి. అదీ 2640 మెగావాట్లే, కంపెనీ వేరు, ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ. అదీ చిత్తడి నేలే, అక్కడివాళ్లు తంపర అంటారు. పక్కనే తేలినీలాపురం, ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగే ఊరు. 2011 ఫిబ్రవరి 28న అక్కడా కాల్పులు, అక్కడా ఇద్దరు. ప్లాంటు సగం కట్టి ఆగిపోయింది. సోంపేటలో బీల మిగిలింది. కాకరాపల్లిలో మాత్రం కరెంటూ రాలేదు, తంపర తంపరలానూ మిగల్లేదు.

కాబట్టి ‘ఏది పనిచేసింది’ అంటే నా మటుకు జవాబు: ఆలస్యం. జనం చేయగలిగింది ఆలస్యం చేయడం. ఆ లోపల ఒక కోర్టు, ఒక ఎన్నిక, ఒక బ్యాంకు, ఏదో ఒకటి అటునుంచి కదలాలి. కదలకపోతే గోవిందా.

పచ్చిమిరప
బొగ్గు ప్లాంటు గురించి ఒక చిన్న లెక్క. వెయ్యి మెగావాట్లకి ఏడాదికి సుమారు 40–50 లక్షల టన్నుల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం. 2640 మెగావాట్లంటే ఏటా 40 లక్షల టన్నుల బూడిద అటూ ఇటుగా. పాతికేళ్లు. అదంతా ఆ బీల పక్కన పోస్తారట. ‘బూడిద చెరువు’ అని పేరు పెట్టారు, చెరువు అంటే ఎంత చల్లగా ఉందో చూడండి.

బాయిలర్_సూట్
బూడిదని సిమెంటుకి, ఇటుకలకి, రోడ్లకి వాడుతున్నారు. 2021 నిబంధనల ప్రకారం ప్లాంటు తన బూడిదని నూరు శాతం వినియోగంలోకి తేవాలి. అందరూ చేస్తున్నారని అనను. సమస్యకి పరిష్కారం ఉందని మాత్రం అంటున్నాను.

అల్యూమినియం కూడా అంతే. టన్ను లోహానికి నాలుగైదు టన్నుల బాక్సైట్, సుమారు 14,000 యూనిట్ల కరెంటు పడుతుంది. దారిలో రెండు మూడు టన్నుల ఎర్రబురద మిగులుతుంది, రెడ్ మడ్ అంటాం. కాస్టిక్ సోడా కలిసిన బురద అది, చేయి పెడితే కాలుతుంది. 2010 అక్టోబరు 4న హంగేరీలో అయికా దగ్గర కట్ట తెగి ఊళ్ల మీద పడితే పదిమంది చనిపోయారు. ఇలాంటివి దాచి మాట్లాడే ఇంజనీరుని కాను నేను. కానీ ఆ బురదని ఫిల్టర్ ప్రెస్‌లో పిండి, ఎండబెట్టి పేర్చే పద్ధతి ఉంది. అలా చేస్తే కట్ట తెగి ఊరు మునిగే ప్రమాదం చాలా తగ్గుతుంది. మరి చేయనిది ఎందుకు? ఖర్చు. ఆ ఖర్చు లోహం ధరలో కలవాలి. కలవడం లేదు కాబట్టి చౌకగా దొరుకుతోంది, చౌకగా దొరుకుతోంది కాబట్టి మనం రేకు డబ్బా ఒకసారి తాగి పారేస్తున్నాం. పాత అల్యూమినియాన్ని కరిగించి వాడితే 95 శాతం శక్తి ఆదా అవుతుంది, ఆ మాట ఎవరూ ఎత్తరు.

నా అభ్యంతరం ఒక్కటే. ‘ఆపండి’ అనడానికి ఉన్నంత జనం ‘సరిగ్గా నడపండి, రోజూ లెక్క చూపండి’ అనడానికి ఉండరు. ప్లాంటు గేటు దగ్గర బోర్డు మీద ఎస్‌ఓ2 (సల్ఫర్ డయాక్సైడ్ వాయువు) రీడింగు ఎంతో చూసే ఊరివాడిని నా సర్వీసులో చూడలేదు.

తుమ్మచెట్టు
బోర్డు మీది రీడింగు కంపెనోడె పెడతడు గదనే. నమ్మకం ఎవని మీద పెట్టుకోవాలె?

మూడో_కాపీ
బాయిలర్_సూట్ గారి మాటలో సగం ఒప్పుకుంటాను. రెండో సగానికి నా అభ్యంతరం ఏంటంటే, ‘సరిగ్గా నడపడం’ ప్లాంటు నడిచినన్నాళ్ల మాట. కంపెనీ వెళ్లిపోయాక?

భోపాల్ తీసుకుందాం. 1984 డిసెంబరు 2–3 రాత్రి ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకైన సంగతి అందరికీ తెలుసు. 1989లో ఆ ఫ్యాక్టరీ కంపెనీ యూనియన్ కార్బైడ్ 47 కోట్ల డాలర్లు కట్టి ఒప్పందం చేసుకుంది. ఫ్యాక్టరీ ఆవరణలో పడున్న విషపదార్థాలు మాత్రం అలాగే ఉన్నాయి, చుట్టూ బస్తీల భూగర్భజలంలోకి దిగాయి. చివరికి హైకోర్టు గట్టిగా అంటే 2025 జనవరిలో 337 టన్నుల వ్యర్థాలని 12 కంటైనర్లలో పీథంపూర్‌కి తరలించారు, కాల్చడానికి. పీథంపూర్ జనం మాకెందుకు ఈ విషం అని రోడ్డెక్కారు, నిరసనలో ఇద్దరు ఒంటికి నిప్పంటించుకున్నారు. నలభై ఏళ్ల తర్వాత, 250 కిలోమీటర్ల దూరంలో, ఆ ఫ్యాక్టరీ పేరు విని ఉండని పిల్లలున్న ఊరు. అదీ ఆవరణలో పైపైన ఉన్న చెత్త మాత్రమే. నేలలో, నీళ్లలో ఉన్నది ఇంకా అక్కడే ఉంది.

పాపువా న్యూగినీలో బూగన్‌విల్ దీవి మీద పంగునా రాగి గని ఇంకో ఉదాహరణ. 1972లో మొదలై 1989లో స్థానికుల తిరుగుబాటుతో మూతపడింది. వంద కోట్ల టన్నులకి పైగా వ్యర్థాలు నదిలోకి వదిలారు. గని గొడవ అంతర్యుద్ధంగా మారి వేలమంది పోయారు. 2016లో ఆ గనిలో పెద్ద వాటా ఉన్న రియో టింటో కంపెనీ తన వాటాలని ఉచితంగా వదిలేసి బయటికి నడిచింది, నది మాత్రం అక్కడే ఉంది. 2019 రెఫరెండంలో ఆ దీవి జనం దాదాపు 98 శాతం స్వాతంత్ర్యానికి ఓటేశారు. గని ఒక్కటే కారణం అనను, మొదలు అక్కడే.

నైజీరియాలో ఒగోనీ ప్రాంతం. షెల్ చమురు కంపెనీ మీద పోరాడిన కెన్ సారో-వీవాని, ఇంకో ఎనిమిదిమందిని 1995 నవంబరు 10న సైనిక ప్రభుత్వం ఉరి తీసింది. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఇచ్చిన సర్వే నివేదిక ప్రకారం ఒక ఊరి తాగునీటి బావుల్లో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితికి 900 రెట్లు ఉంది. శుభ్రం చేయడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందన్నారు. షెల్ అక్కడ ఉత్పత్తి ఆపింది 1993లో! అంటే ఆపేసి 18 ఏళ్లయ్యాక బయటికొచ్చిన లెక్క అది.

ఈఐఏ నివేదికలో ‘గని మూసివేత ప్రణాళిక’ అని ఒక అధ్యాయం ఉంటుంది. నాకు తెలిసినంతలో అందరూ ఆఖరి రోజు రాత్రి రాసే అధ్యాయం అదే. చెట్లు నాటుతాం, చుట్టూ కంచె వేస్తాం.

బీలగట్టు
ప్లాచిమడ కూడా కలపండి. కేరళ పాలక్కాడ్ జిల్లా, కోకాకోలా ప్లాంటు. బావులు అడుగంటి, ఉన్న నీళ్లు తాగలేని పరిస్థితి వస్తే 2002లో మయిలమ్మ లాంటి ఆదివాసీ ఆడవాళ్లు గేటు ముందు కూర్చున్నారు. పెరుమట్టి పంచాయతీ లైసెన్సు పొడిగించనంది, 2004 మార్చిలో ప్లాంటు ఆగింది. గెలిచారు కదా. 2010లో ప్రభుత్వ కమిటీ నష్టాన్ని 216.26 కోట్లుగా లెక్కగట్టింది. పరిహారం ఇప్పించే ట్రిబ్యునల్ కోసం 2011లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. రాష్ట్రపతి ఆమోదం రాలేదు. ఆ 216 కోట్లు ఎవరి చేతికీ రాలేదు.

వేదిక నిర్వాహకులు
రెండు పోస్టులు తీసేశాం. ఒకటి కులం పేరుతో తిట్టినది, ఇంకోటి ఒక ఉద్యమకారిణి ఫోన్ నంబరు పెట్టినది. రెండోది చేసినవారి ఖాతా ఆపేశాం. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.

గాలిమర
ఇక్కడిదాకా అంతా బొగ్గు, చమురు, బాక్సైట్ అన్నారు. ఇవి ‘చెడ్డ’ పరిశ్రమలు కాబట్టి తేలిక. పవన విద్యుత్ రంగంలో పనిచేసేవాడిగా నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. సెర్బియాలో యాదర్ లోయ, లిథియం నిక్షేపాలు. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల కోసం రియో టింటో తవ్వుతానంది. రైతులు, నగరాల జనం 2021లో రహదారులు దిగ్బంధించారు. 2022 జనవరిలో ప్రభుత్వం రద్దు చేసింది. 2024లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ రద్దు చెల్లదంది, జులైలో ప్రభుత్వం మళ్లీ పచ్చజెండా ఊపింది. జనం మళ్లీ రోడ్డెక్కారు.

వాతావరణాన్ని కాపాడే లోహం కోసం ఒక లోయని తవ్వాలా? ఆ రైతులని చూస్తే వాళ్లే కరెక్టు అనిపిస్తుంది. వేడెక్కుతున్న భూమిని చూస్తే బ్యాటరీలు కావాలనీ అనిపిస్తుంది. నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరైనా ఉంటే రాయండి.

పచ్చిమిరప
మంచి లోహం, చెడ్డ లోహం అని లేదు స్వామీ. ‘ఇక్కడ తవ్వొచ్చా’ అని ఎప్పుడు అడిగారు అన్నదే చూడాలి. లాంజిగఢ్‌లో రిఫైనరీ కట్టాక అడిగారు. వేల కోట్లు పోశాం, ఇప్పుడు కాదంటారా అన్నది అక్కడి వాదన. ముందు డబ్బు పోసి తర్వాత అడిగితే అది అడగడం కాదు, బెదిరించడం.

దస్తావేజు
పచ్చిమిరప గారి మాట మీద రెండు ముక్కలు. ‘ముందు కట్టి తర్వాత అనుమతి’ అన్నది మన దగ్గర పెద్ద న్యాయ వివాదమే. 2025 మే 16న వనశక్తి అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి అనంతర అనుమతులు చెల్లవంది. అదే ఏడాది నవంబరు 18న ముగ్గురు జడ్జిల ధర్మాసనం 2–1 మెజారిటీతో ఆ తీర్పుని వెనక్కి తీసుకుంది. కట్టేసినవి కూల్చాలంటే వేల కోట్ల ప్రజాధనం వృథా అవుతుందన్నది మెజారిటీ చెప్పిన ఒక కారణం. చూశారా, పోసిన డబ్బే వాదన అవుతుంది.

రెండోది, ‘వద్దు’ అనేది ఒక్కసారి అంటే సరిపోదు. నియమగిరిలో పన్నెండు సభలు తేల్చేశాక కూడా 2016లో ఒడిశా ప్రభుత్వ మైనింగ్ కార్పొరేషన్ మళ్లీ గ్రామసభలు పెట్టించమని కోర్టుకి వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. లాంజిగఢ్ రిఫైనరీ మూతపడలేదు, బయటి నుంచి ఖనిజం తెచ్చుకుని నడుస్తూనే ఉంది, పెరిగింది కూడా. 2023లో అదే కంపెనీకి ఆ ప్రాంతంలోనే సిజిమలి బాక్సైట్ బ్లాకు దక్కింది, అక్కడి ఊళ్లు ఇప్పుడు పోరాడుతున్నాయి. ‘సరే’ ఒక్కసారి వస్తే యాభై ఏళ్ల లీజు. ‘వద్దు’ని మాత్రం ప్రతి ప్రభుత్వానికీ కొత్తగా చెప్పుకోవాలి.

గాలిమర
ఓటింగ్ పెట్టినా ఇదేనా? ఈక్వడార్‌లో దేశమంతా ఓటేసింది కదా. 2023 ఆగస్టు 20న, యాసునీ నేషనల్ పార్కులో 43వ బ్లాకు చమురు నేలలోనే వదిలేయాలని దాదాపు 59 శాతం.

దస్తావేజు
అవును, ప్రపంచంలో అలాంటి ఓటు అరుదు. కోర్టు ఏడాది గడువిచ్చింది. గడువు ముగిసేసరికి బావుల మూసివేత మొదలైందీ లేదూ అన్నట్టుంది. ప్రభుత్వం ఇంకో ఐదేళ్లు కావాలంది.

తుమ్మచెట్టు
ఒకటి ఎవ్వలు మాట్లాడ్తలేరు. కంపెనీ వస్తుందంటె ముందుగాల ఊరు రెండు ముక్కలైతది. రోడ్డు పక్క భూమి ఉన్నోనికి పైసలు మంచిగ వస్తయ్, వాడు ‘కావాలె’ అంటడు. కౌలుదారుకు ఏం రాదు, వాడు ‘వద్దు’ అంటడు. అన్నదమ్ములు మాట్లాడుకోరు. కంపెనోడు గుడి కట్టిస్తడు, క్రికెట్ కిట్టు ఇస్తడు, సర్పంచ్ కొడుక్కు మట్టి కాంట్రాక్టు ఇస్తడు. గా తర్వాత మీటింగు పెడితె సగం మంది చప్పట్లు కొడ్తరు, సగం మంది మీద కేసులైతయ్. కేసైనోడు ప్రతి వాయిదకు కూలి పోగొట్టుకొని కోర్టుకు తిరగాలె. ప్రాజెక్టు ఆగినా కేసు ఆగది. ఆరోగ్యం బాగలేనోడు, ఆడబిడ్డలు ఏండ్లకేండ్లు తిరుగుతనే ఉంటరు. ఉద్యమం గెలిచిందని మనం ఇక్కడ రాసుకుంటం, వాడింక వాయిదకే పోతుంటడు.

బీలగట్టు
ఈ పోస్టుకి వంద దండాలు. ఇంకో మాట, కేసు దగ్గరే ఆగితే అదృష్టం. హోండూరాస్‌లో గ్వాల్‌కార్కే నది మీద డ్యామ్‌కి ఎదురు నిలిచిన లెంకా ఆదివాసీ నాయకురాలు బెర్తా కాసెరెస్‌కి 2015లో పర్యావరణ పోరాటాలకిచ్చే గోల్డ్‌మన్ పురస్కారం వచ్చింది. ప్రపంచమంతా తెలిసిన మనిషి. 2016 మార్చిలో ఇంట్లోకి చొరబడి కాల్చేశారు. ఆ డ్యామ్ కంపెనీ అధిపతిగా ఉన్న వ్యక్తి 2021లో దోషిగా తేలాడు.

బాయిలర్_సూట్
తుమ్మచెట్టు అన్నా, నువ్వు చెప్పింది నేను లోపలివైపు నుంచి చూశాను. ఆ క్రికెట్ కిట్ల బడ్జెట్‌కి ఆఫీసులో ‘సామాజిక బాధ్యత’ అని పద్దు. గనుల విషయంలో 2015 సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు (గనుల వల్ల నష్టపోయే ఊళ్ల కోసం నిధి) వచ్చాయి, పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో ఇచ్చినవైతే 10 శాతం దానికి కట్టాలి. డబ్బు బాగానే పోగవుతోంది. గనికి ఆనుకుని ఉన్న ఊరికి ఎంత వెళుతోందో, కలెక్టరేట్ భవనానికి రంగులెంతో ఆ లెక్క అడగాల్సింది మాత్రం ఊరివాళ్లే.

నా మాట మీద నేనుంటాను: లోహం కావాలి, కరెంటు కావాలి. కానీ ఈఐఏ రాసేవాడికి కంపెనీ డబ్బివ్వడం ఆపి, ఆ డబ్బు ఒక ప్రభుత్వ నిధిలో వేసి, అక్కడ్నుంచి కన్సల్టెంట్‌ని నియమిస్తే సగం గొడవ తగ్గుతుంది. మూసివేత ఖర్చు మొత్తం మొదటిరోజే బ్యాంకులో డిపాజిట్ చేయించాలి. అది కట్టలేని కంపెనీకి ఆ గని నడిపే స్తోమత లేనట్టే.

పచ్చిమిరప
ఈ దారంలో మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నా. తేదీ రాసిపెట్టుకోండి.

కొండమల్లి
అందరికీ ధన్యవాదాలు. ఒక ఆచరణాత్మక ప్రశ్న. ఎవరైనా తమ దగ్గర జరగబోయే ప్రజాభిప్రాయ సేకరణకి సిద్ధమవ్వాలంటే ఏం చేయాలి? మైకు దొరికిన రెండు నిమిషాల్లో ‘మా ప్రాణాలు తీసైనా’ అని అరిస్తే ఆ పట్టికలో కుడివైపు ‘జీరో డిశ్చార్జ్’ అని పడుతుందని అర్థమైంది.

మూడో_కాపీ
ఇదొక్కటీ నేను బాగా చెప్పగలను, ఎందుకంటే మేము దేనికి భయపడేవాళ్లమో తెలుసు.

నోటీసుకి, సభకి మధ్య కనీసం 30 రోజులుండాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయాలి. ముసాయిదా నివేదిక కలెక్టరు ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఉండాలి, తెలుగు సారాంశంతో సహా. తెలుగు సారాంశం పది పదిహేను పేజీలుంటుంది. అది చదివి సరిపెట్టుకోవద్దు. ఇంగ్లీషు నివేదికలో రెండు చోట్లకి సూటిగా వెళ్లండి: కొలతలు ఏ నెలల్లో తీశారు, పది కిలోమీటర్ల పరిధిలో ఏమేమి ఉన్నాయని రాశారు. మీ చెరువు అందులో లేకపోతే, మీ ఊరి కాలువని ‘సీజనల్ డ్రెయిన్’ అని రాస్తే, అది మీ చేతికి చిక్కిన ఆయుధం. వానాకాలం ఫొటోలు తేదీలతో తీసి పెట్టుకోండి. చేపలు పట్టే సొసైటీ రశీదులు, ఎత్తిపోతల కరెంటు బిల్లులు, ఏ కాగితమైనా పనికొస్తుంది. ‘మాకు ఇష్టం లేదు’కి మేము జవాబు ఐదు నిమిషాల్లో రాసేవాళ్లం. ‘నివేదిక 112వ పేజీలో లేదన్న చెరువు కింద ఇన్ని ఎకరాల ఆయకట్టు ఉందని మీ నీటిపారుదల శాఖ రికార్డే చెబుతోంది’ అంటే రాత్రంతా కూర్చునేవాళ్లం.

మైకు దొరక్కపోయినా ఫరవాలేదు, లిఖితపూర్వక అభ్యంతరాలు పంపొచ్చు. సభ చివర సారాంశం చదివేదాకా లేచి వెళ్లకండి. మీరన్నది అందులో లేకపోతే అక్కడే లేచి చెప్పండి, అదీ వీడియోలోకి ఎక్కుతుంది.

తుమ్మచెట్టు
కాయితం ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద ఆఫీసోల్లతోని ముద్ర, తారీకు ఏపిచ్చుకోర్రి. లేకుంటె ‘మాకు ముట్టలే’ అంటరు.

దస్తావేజు
అనుమతి వచ్చేసినా తలుపు మూసుకోదు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకి 30 రోజులు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. 90 దాటితే ట్రిబ్యునల్ వినదు. అందుకే అనుమతి ఉత్తర్వు ఏ తేదీన వెబ్‌సైట్‌లో పెట్టారో స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, గడువు లెక్క మీద సగం కేసులు అక్కడే పోతాయి. నమూనా అప్పీలు ఒకటి నా దగ్గరుంది. పేర్లు తీసేసి ఆదివారం ఇక్కడ పెడతాను.